దుకాణం మూసినా దాహం చావలేదు



ఈమధ్య స్త్రీల కూడిక ముగిశాక ఒక తల్లి నన్ను ఆపింది. "అయ్యగారూ, మా గుంటడు రాత్రి పొద్దుపోయేదాకా ఫోనులో అమెరికా సారా ముఠాల కథ చూస్తన్నాడు. అందులో గూండాయే వాడికి గొప్పోడు. ఏటి చెప్పమంటారు?" అని అడిగింది.

చూడవద్దంటే మానే వయసు కాదు. అందుచేత ఆ కథ ఏమిటో నేనే తెలుసుకున్నాను. దాని పేరు 'బోర్డ్‌వాక్ ఎంపైర్'. 2010 నుండి 2014 వరకు అమెరికా టెలివిజన్‌లో వచ్చింది. 1920 జనవరిలో ఆ దేశమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చిన నాటి కథ అది.

మొదటి భాగంలోనే మనం ఆలోచించవలసిన సంగతి ఉంది. అట్లాంటిక్ సిటీ అనే పట్టణాన్ని గుప్పిట్లో పెట్టుకున్న నకీ థాంప్సన్, మద్యపానాన్ని వ్యతిరేకించే స్త్రీల సభలో తన చిన్ననాటి కష్టాలంటూ ఒక కట్టుకథ చెప్పి అందరి మనసులూ కరిగిస్తాడు. అక్కడి నుండి తిన్నగా పెద్దమనుషుల విందుకు వెళ్లి, దొంగచాటు మద్యంతో ఎంత గడించవచ్చో లెక్క వేస్తాడు. ఆ సభలోనే మార్గరెట్ అనే పేదరాలు ఉంది. ఆమె భర్త తాగుబోతు. గర్భవతి అని కూడా చూడక ఆమెను కొడతాడు. ఆమె బిడ్డను పోగొట్టుకుంటుంది.

ఇది పరాయి దేశపు కథ అనుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997 ఏప్రిల్‌లో ప్రభుత్వం దానిని సడలించింది. ఆ రెండేళ్లలో కూలి డబ్బులు ఇంటికి చేరిన వారాలను తలచుకునే అమ్మలు మన సంఘాలలో నేటికీ ఉన్నారు. కనుక ఆ చట్టం వృథా అని నేననను.

అయితే ఇచ్ఛాపురం దాటితే బరంపురం, పాతపట్నం దాటితే పర్లాకిమిడి, సాలూరు ఘాటీ ఎక్కితే కొరాపుట్టు. ఇక్కడ దొరకని సీసా అక్కడి నుండి దిగింది. కొండవారల బెల్లపు ఊట పులిసింది, నాటుసారా బట్టీలు వెలిగాయి. కోటూ టోపీ లేకపోయినా మనకూ నకీలు పుట్టుకొచ్చారు. వాళ్లను పోషించింది ఎవరు? కొన్నవాళ్లే. అమెరికాలోనూ అంతే జరిగింది. 1933 డిసెంబరులో అక్కడ నిషేధం రద్దయింది. చట్టం దుకాణాన్ని మూయగలదు గాని మనిషిలోని దాహాన్ని మూయలేదు.

ప్రియులారా, మన సంగతి చూద్దాం. ఆదివారం ప్రభువు బల్లలో పాలుపొంది, పిల్లవాడి పెళ్లిలో పెరటి వైపు సీసాలు ఏర్పాటు చేసే ఇళ్లు మనలో లేవా? ఎన్నికల వేళ పంచే మందుకు చెయ్యి చాపే విశ్వాసులు లేరా? తాగేవానిని మాత్రమే కాదు, పొరుగువానికి పోసి ఇచ్చేవానిని కూడా హబక్కూకు ప్రవక్త రెండవ అధ్యాయంలో హెచ్చరించాడు. సభలో కన్నీళ్లు, చాటున సీసా అంటే అది నకీ బ్రతుకే.

ఆ తల్లితో ఇలా అన్నాను: "అమ్మా, ఒక్క రాత్రి నువ్వు కూడా వాడి పక్కన కూర్చో. ఆ దొర కోటుకి డబ్బులు ఎవరి ఇంటి నుండి వచ్చాయిరా అని అడుగు. నకీని చూసిన కళ్లతో మార్గరెట్‌ని కూడా చూడమను."

ఆమె తల దించుకుంది. కాసేపటికి, "మార్గరెట్ మా ఇంట్లోనే ఉంది అయ్యగారూ. ఆడికి అగుపించట్లేదు," అంది.

ఆ ఇంటాయన అలవాటు నాకు తెలుసు. ఇన్నాళ్లూ తెలిసీ ఊరుకున్నాను. ఆ సాయంత్రమే ఒక సంఘపెద్దను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాను. గద్దించడానికి కాదు, ఆయన పక్కన కూర్చోవడానికి. మొదటి రోజు ఆయన మాట్లాడలేదు. రెండవసారి మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఇంకా వెళుతూనే ఉన్నాం.

మీ వీధిలో కూడా అలాంటి గుమ్మం ఒకటి ఉంటుంది. ఈ నెల ఆ ఇంటి కోసం ప్రార్థించండి. ప్రార్థించి ఊరుకోకండి, వెళ్లి తలుపు తట్టండి.