లాప్‌టాప్ ముసలిదైందా, డిస్కు ముసలిదైందా?

మా బడి ప్రయోగశాలలో పన్నెండేళ్లనాటి లాప్‌టాప్ ఒకటి ఉంది. మీట నొక్కి, హాజరు పిలవడం పూర్తి చేసినా అది సిద్ధమయ్యేది కాదు. “ముసలిదైపోయింది, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం” అన్నారు అందరూ. నేను ఒప్పుకోలేదు. చైను తెగిందని సైకిలును అమ్ముకుంటామా? ఏ భాగం వెనకబడిందో ముందు చూడాలి కదా!

అడుగున స్క్రూలు విప్పితే అరచేతిలో ఇమిడే రేకుపెట్టె కనబడింది. అదే హార్డ్ డిస్కు. అందులోని పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 చుట్లు. చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అరచుట్టు ఆగాలి. హెడ్ ఒక వరుసనుంచి మరో వరుసకు జరగడానికి ఇంకొంత కాలం. మొత్తం 15 మిల్లీసెకన్లు అనుకోండి. చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను సెకనుకు ఎన్ని తేగలదో మీరే లెక్క కట్టండి. డెబ్బై కూడా రావు! కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఇలాంటివి వేలకొద్దీ కావాలి. అంతసేపూ ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

1956లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో రెండడుగుల పళ్లేలు 50 ఉండేవి. పట్టినవి 50 లక్షల అక్షరాలు. పళ్లెం చిన్నదైంది కాని, తిరిగే పద్ధతి మారలేదు.

ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు. చిప్‌లోని సూక్ష్మమైన అరల్లో ఎలక్ట్రానులను బంధించి సమాచారాన్ని నిలుపుతారు. మిల్లీసెకనులో పదోవంతు కాలంలో అందుతుంది. సాటా రకం ఎస్.ఎస్.డి. పాత డిస్కు స్థానంలోనే సరిపోతుంది.

దీన్ని పిల్లలచేత మార్పిస్తానంటే కొందరు వద్దన్నారు. నోటుపుస్తకంలో డిస్కు బొమ్మ గీస్తే మార్కులు వస్తాయేగాని స్క్రూ విప్పడం రాదు. పదో తరగతి వారిద్దరు నా ఎదుటే ఆ పని చేశారు. ముందుగా ఉన్నదంతా వేరే డిస్కులోకి నకలు తీశారు. చార్జరు పీకి, బ్యాటరీని విడదీశారు. (ఉబ్బిన బ్యాటరీ కనబడితే తాకకండి, పెద్దలకు చెప్పండి.) ఏ స్క్రూ ఎక్కడిదో కాగితంమీద బొమ్మ గీసి పెట్టుకున్నారు. అయినా చివర ఒకటి మిగిలింది! మళ్లీ విప్పారు. ఇప్పుడా లాప్‌టాప్ హాజరులో నాలుగు పేర్లు పిలిచేలోగా సిద్ధమవుతోంది.

అన్నిటికీ ఈ వైద్యం కుదరదు. పలచని కొత్తవాటిలో కొన్నిటికి నిల్వ చిప్‌లను బోర్డుకే అతికించేస్తున్నారు. కాస్త సన్నదనం కోసం మరమ్మతు దారి మూసెయ్యడం నాకు నచ్చదు. మీ ఇంట్లో కొనేటప్పుడు “డిస్కు మార్చవచ్చా?” అని దుకాణంలో అడగండి.

పాత డిస్కును మాత్రం అలాగే పారెయ్యకండి. ఫైలు చెరిపితే పోయేది చాలాసార్లు దాని చిరునామా మాత్రమే. విషయం అక్కడే ఉంటుంది. మా దాంట్లో ఐదేళ్ల మార్కుల జాబితాలున్నాయి. దానిమీద మొత్తం సున్నాలు రాయించాకే మూత తీయించాను. ఇప్పుడు పిల్లలు ఆ పళ్లెంలో ముఖం చూసుకుంటున్నారు.