మంద లేని కాపరులు

దిక్కులేక వీథిపాలైన జంతువును చేరదీయుట పుణ్యకార్యమని ఒప్పుకొనుటకు ఎవ్వరికిని అభ్యంతరముండదు. కాని చేరదీసిన ఆ జంతువును ఎవరి చేతులలో పెట్టవచ్చును, ఎవరి చేతులలో పెట్టరాదు అను ప్రశ్న వచ్చునప్పటికి మనలో పెక్కుమందికి సహనము సన్నగిల్లును. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున గ్రేట్ పిరనీస్ అను తెల్లని భారీ శునకములను కాపాడి కొత్త యిండ్లకు చేర్చు స్వచ్ఛంద సంస్థలను గూర్చి తరచు వినవచ్చు ఫిర్యాదు ఇదియే: వారు కుక్కను ఇచ్చుటకు ముందు ప్రశ్నలు మితిమీఱి అడుగుదురు, ఇల్లు వచ్చి చూతురు, కంచె కొలుతురు, ఇంతయు చేసి తుదకు కాదందురు. ఆ కాదనుటయే వారి సేవలో ఉత్తమభాగమని నా అభిప్రాయము. ఆ శునకముల దురవస్థకు మూలము వాని స్వభావమును ఎఱుగకయే పిల్లలను పుట్టించినవారి, అమ్మినవారి, కొన్నవారి బాధ్యతారాహిత్యమందున్నది. దత్తత తీసికొనువారి జాలి యొక్కటియే ఆ లోపమును సవరింపజాలదు.

ఫ్రాన్సు, స్పెయిను దేశముల సరిహద్దున నిలిచిన పిరనీస్ పర్వతములలో, తోడేళ్ళ నుండియు ఎలుగుబంట్ల నుండియు గొఱ్ఱెల మందలను రక్షించుటకై, గొల్లలు తరతరములుగా ఏరి పెంచుకొన్న జాతి యిది. ఎదిగిన మగకుక్క 45 కిలోలకు పైగా తూగును. భుజము వద్ద దాని యెత్తు 27 మొదలు 32 అంగుళముల వరకుండును. గొఱ్ఱెలను తరిమి, మలపి, ఒకచోటికి చేర్చు బోర్డర్ కోలీ వంటి కుక్కల పని వేఱు. మంద నడుమ పడుకొని మందను కాచు ఈ కుక్కల పని వేఱు. మొదటిది యజమాని యీలకును సైగకును కట్టుబడి పనిచేయును. రెండవది యజమాని నిద్రించుచుండగా, మైళ్ళ దూరమున, కటికచీకటిలో, ఏమి చేయవలెనో తన బుద్ధితో తానే నిశ్చయించుకొనవలెను. కన్ను తెఱచిన కొలది వారములకే గొఱ్ఱెపిల్లల నడుమ విడువబడి, వానితో తిని, వానితో నిద్రించి పెరుగుటచేత అది వానినే తనవారినిగా నెంచును. వేటాడు గుణము దానియందు మిక్కిలి తక్కువ. శత్రువుపై బడి చంపుటకంటె, ఇచట నేనున్నానని రాత్రి పొడుగున మొఱిగి, దానిని దూరముననే నిలిపివేయుట దాని పద్ధతి. పగలు కునుకు, రాత్రి జాగరణము. తాను కాచు నేల ఎంతమేరయో తానే నిర్ణయించుకొని ఆ పొలిమేరల వెంట సంచరించును. కొండచఱియలందు ప్రశంసింపబడు ఈ గుణములే నగర శివారులోని నివాసవీథిలో నేరములగును: మొఱుగుట శాంతిభంగము, సంచారము పలాయనము, స్వబుద్ధి అవిధేయత.

ఈ పర్వతశునకము టెక్సాస్ మైదానములను ఇంతగా నింపుట ఏల? 1972వ సంవత్సరమున అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ప్రభుత్వ భూములలో కయోటీల వంటి మాంసాహార జంతువులను విషము పెట్టి చంపుటను నిషేధించు ఉత్తర్వును జారీచేసెను. అదే సంవత్సరమున ఆ పనికి వాడు స్ట్రిక్నిన్, సయనైడ్ మొదలగు విషముల అనుమతులు కూడ రద్దయ్యెను. చేతిలోని ఆయుధము పోయిన గొఱ్ఱెల పెంపకందారులకు ప్రత్యామ్నాయమును చూపుటకై, 1970వ దశకపు చివరి సంవత్సరములందు మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కళాశాలలో రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు ఇటలీ, యుగోస్లావియా, తుర్కీ దేశముల నుండి మంద కాచు కుక్కలను తెప్పించి, వానిని రైతులకు ఇచ్చి, అవి మెలగు తీరును దీర్ఘకాలము పరిశీలించిరి. ఐడహో రాష్ట్రమున డుబోయిస్‌లోని ప్రభుత్వ గొఱ్ఱెల పరిశోధనా కేంద్రము కూడ ఆ కాలముననే ఇట్టి పరీక్షలకు పూనుకొనెను. మందల పట్ల శ్రద్ధ, మందకు హాని చేయని విశ్వాసపాత్రత, మందను రక్షించు శక్తి అను మూడు లక్షణములును గల కుక్క యున్నచోట నష్టము తగ్గునని తేలెను. గొఱ్ఱెల సంఖ్యలోను మేకల సంఖ్యలోను అమెరికాలో అగ్రస్థానము వహించు టెక్సాస్ ఈ పద్ధతిని రెండు చేతులతో స్వీకరించుటలో వింత లేదు. విషమునకు బదులు కుక్క వచ్చుట నిస్సంశయముగా మేలైన మార్పు. నా విమర్శ ఆ మార్పుపై కాదు, ఆ మార్పునకు తగిన లెక్క వ్రాయకుండుటపై.

విషపుడబ్బా పిల్లలను పెట్టదు, కుక్క పెట్టును. శస్త్రచికిత్స చేయింపక పచ్చికబయళ్ళలో విడిచిన ఆడకుక్కయు మగకుక్కయు ఏటేట పిల్లలను కనుచుండగా, వానిలో మంద కాచుటకు కావలసినవి ఒకటి రెండు మాత్రమే. మిగిలినవి తెల్లని దూదివంటి బొచ్చుతో ముద్దులొలుకుచుండుటచేత, వారాంతపు సంతలలోను, దుకాణముల ముందరి బండ్లు నిలుపు స్థలములలోను, రహదారి ప్రక్కనను అతి స్వల్పమైన ధరకు అమ్ముడుపోవును. పనికై ఉంచుకొన్న పిల్లయు సుఖపడునను నమ్మకము లేదు: ఈ జాతి మెల్లగా పరిపక్వమగును, ఏడాది వయస్సున, శరీరము పెద్దదై బుద్ధి పసిదై యుండునప్పుడు, గొఱ్ఱెపిల్లలతో మోటుగా ఆడి వాని చెవులు కొఱుకును, ఓపికతో మందలించి దారికి తేవలసిన ఆ దశలోనే దానిని పనికిరానిదిగా నిర్ణయించి తరిమివేయు రైతులు కలరు. నగరమునకు చేరిన పిల్ల సంగతి వేఱు దారిలో నడచి అచటికే వచ్చును. ఆఱు నెలలకు అది చంటిపిల్లను పడద్రోయును; ఏడాదికి కంచె దూకును, లేదా క్రింద త్రవ్వును; రాత్రి మొఱుగునప్పుడు పొరుగువారు ఇంటి యజమానుల సంఘమునకు వ్రాయుదురు; అద్దె యింటి ఒప్పందములో ఇంత బరువు మించిన కుక్క కూడదని యుండును. ఈ దారులన్నియు పురపాలక జంతు ఆశ్రయములో కలియును. అచట ఒక్క భారీ శునకమునకు కావలసిన చోటు చిన్న కుక్కలు రెండింటికి చాలును. చోటు చాలనప్పుడు ఏ ప్రాణమును ముందుగా తీయుదురో ఊహించుట కష్టము కాదు.

అచట నుండి వానిని బయటికి తెచ్చు స్వచ్ఛంద సేవకుల శ్రమ సామాన్యమైనది కాదు. దోమకాటు వలన గుండెలోను ఊపిరితిత్తుల రక్తనాళములలోను చేరి పెరుగు పురుగుల జబ్బు టెక్సాస్ కుక్కలలో విస్తారముగా నున్నది. దానికి నడుము కండరములలో సూదిమందు విడతలు విడతలుగా నిచ్చి, నెలల తరబడి పరుగు దుముకు లేకుండ కట్టడి చేయవలెను. మందుల మోతాదు శరీరభారమును బట్టి యుండును గనుక ఖర్చును ఆ మేరకే పెరుగును. పిమ్మట సంతాననిరోధ శస్త్రచికిత్స, టీకాలు, చర్మము క్రింద గుర్తింపు చిప్పు, కొంతకాలము తాత్కాలికముగా ఒక ఫోస్టర్ ఇంట నివాసము. అటుపిమ్మట పశువైద్యుని ఆరోగ్యపత్రముతో, వ్యానులలో రెండు మూడు దినముల ప్రయాణమై, చల్లని వాషింగ్టన్, ఒరెగాన్, కొలరాడో రాష్ట్రములకో ఈశాన్య రాష్ట్రములకో చేరుట. ఇంతటి పరిశ్రమ చేసి నిలిపిన ప్రాణమును, ఫోటో చూచి ముచ్చటపడిన మొదటివానికి అప్పగించుమనుట న్యాయమా?

ఈ ప్రశ్న మన తెలుగువారికి దూరమైనది కాదు. డల్లాస్ చుట్టునున్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ పట్టణములందును, హ్యూస్టన్, ఆస్టిన్ శివార్లయందును మనవారి కుటుంబములు వేలకొలది స్థిరపడియున్నవి. పిల్లలు కుక్క కావలెనని మారాము చేయుదురు. కొనుటకంటె ఆశ్రయము నుండి తెచ్చుకొనుట మేలను సదుద్దేశమును నేడు పెరుగుచున్నది. అటువంటి ఇంటికి సంస్థవారు వచ్చి, ఏటా నెలకు పైగా మీరు స్వదేశమునకు పోవునప్పుడు కుక్కను ఎవరు చూతురు, ఆఱు నెలలుండుటకు వచ్చిన మీ తల్లిదండ్రులు దీని త్రోపునకు తట్టుకొందురా, రాత్రి మొఱిగినచో పొరుగింటివారితో ఏమందురు అని అడిగినప్పుడు, మనవారికి కోపము వచ్చుట సహజమే. కాని కూతురునిచ్చు తండ్రి అటు ఏడు తరములు, ఇటు ఏడు తరములు విచారించుటను మర్యాదగా నెంచు మనము, నోరులేని ప్రాణి పక్షమున ఎవరో చేయు విచారణను అవమానముగా భావించుట తగదు. ఆ ప్రశ్నలకు సమాధానము దొరకని యింట ఆ కుక్క పది సంవత్సరములు బ్రతుకవలసియున్నది.

దీనికి ఎదురువాదము కలదు. అది తేలికగా తీసివేయదగినది కాదు. ఆశ్రయములు నిండియున్నప్పుడు ఒక యింటిని కాదనుట యనగా వరుసలోని మఱియొక కుక్కకు చోటు లేకుండ చేయుటయే. పరిపూర్ణమైన ఇంటికై ఎదురుచూచుచు మంచి యిండ్లను పోగొట్టుకొందురా యని అట్లు వాదించువారి ప్రశ్న. ఇందు సత్యము లేకపోలేదు. ఎకరముల కొలది నేల లేనివారికి ఇయ్యమని గాని, చంటిపిల్లలున్నచో దరఖాస్తే చూడమని గాని ఒకే సూత్రమును అందఱికిని వర్తింపజేయు సంస్థలు తమ కార్యమునకే చేటు తెచ్చుకొనును. వయసు మీఱి నెమ్మదించిన పిరనీస్ చిన్న పెరడుగల ఇంటనైనను హాయిగా మనగలదు. కావున నిరాకరించువారు కారణము చెప్పవలెను, తగిన వేఱు కుక్కను చూపవలెను, కొన్ని వారములు ఇంట నుంచుకొని చూచిన పిమ్మటనే దత్తత ఖాయము చేయు పద్ధతిని విరివిగా పాటింపవలెను. అయినను విచారణయే వలదనుటకు ఇది ఆధారము కాజాలదు. తగని యింటికి పోయిన కుక్క తిరిగివచ్చును; వచ్చునప్పుడు ఒంటరిగా రాక, పారిపోయినదనియో కఱచినదనియో ఒక చరిత్రను వెంటబెట్టుకొని వచ్చును. 45 కిలోల కుక్కపై అట్టి ముద్ర పడినచో మూడవ యిల్లు దొరకుట దాదాపు అసంభవము. తొలినాటి తొందరపాటు ఆదా చేసిన చోటును మలినాటి తిరుగురాక వడ్డీతో తీసికొనును.

జాతిని స్థలమునుండి విడదీసి చూచు దోషము అమెరికాకు మాత్రమే పరిమితము కాదు. 2024 మార్చి 12న మన కేంద్ర ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ, క్రూరమైన శునకజాతులని కొన్నింటిని పేర్కొని, వాని దిగుమతిని, పెంపకమును, అమ్మకమును ఆపుమని రాష్ట్రములకు లేఖ వ్రాసెను. తుర్కీలోని కంగాల్, అక్బాష్, బాల్కను ప్రాంతపు టోర్న్యాక్, షార్‌ప్లానినాట్స్, కాకేషియన్ షెపర్డ్, మధ్య ఆసియా షెపర్డ్ వంటి మంద కాచు జాతులు ఆ జాబితాలో పెక్కు గలవు. సంబంధిత వర్గములను సంప్రదింపలేదను కారణముచే కర్ణాటక హైకోర్టు మఱుసటి నెలలోనే ఆ లేఖను కొట్టివేసెను. జాతినే నేరస్థునిగా ప్రకటించుట తప్పని నేనును నమ్ముదును. కాని హిమపర్వతముల కుక్కను తెచ్చి, మన నగరములలోని మేడపై ఏసీ గదిలో హోదాకొఱకు బంధించుట స్వేచ్ఛ యనిపించుకొనదు. టిబెటన్ మాస్టిఫ్‌ను ధనికుల అలంకారముగా మార్చి, ఆకాశమంటు ధరలకు అమ్మిన చైనాలో, ఆ మోజు తీఱిన పిమ్మట పెంపకందారులు వానిని విడిచివేయగా, మందలు కాచిన జాతియే వీథికుక్కల గుంపులలో చేరెను. మన హిమాలయములలో గద్దీ, బకర్వాల్ పశుపాలకుల వెంట నడచు కుక్కలకును, దక్కను బీళ్ళలో కురుమ గొల్లల మందల వెంట పోవు సామాన్యపు కుక్కలకును ఈ దుర్దశ పట్టకుండుటకు కారణము స్పష్టము: వానికి పని యున్నది, ఆ పనిని ఎఱిగిన యజమాని యున్నాడు.

కావలసిన మార్గము ఇదివఱకే ఒకచోట నడుచుచున్నది. ఆఫ్రికాలోని నమీబియాలో చీటాల సంరక్షణకై లారీ మార్కర్ నెలకొల్పిన నిధి, 1994 నుండి కంగాల్, అనటోలియన్ జాతుల పిల్లలను అచటి రైతులకు ఇచ్చుచున్నది. కుక్క మందను కాచినచో రైతు చీటాను కాల్చి చంపనక్కఱ లేదను ఆలోచన దానికి పునాది. కుక్కను ఇచ్చుటతో వారి పని ముగియదు. రైతు వద్దకు పోయి కుక్క ఆరోగ్యమును, పనితీరును పరిశీలింతురు, సలహా చెప్పుదురు. ఇచ్చినవానికి ఇచ్చిన తరువాత కూడ బాధ్యత గలదను ఈ చిన్న నియమమే టెక్సాస్‌లో కొఱవడినది.

అచట చేయదగినవి గూఢములు కావు. ప్రణాళికతో పిల్లలను తీయు కొలదిమంది తప్ప, పనిచేయు ప్రతి కుక్కకును యజమాని శస్త్రచికిత్స చేయింపవలెను; శస్త్రచికిత్స పొందిన కుక్క మంద కాచుటలో వెనుకబడదు. అమ్మినవాడు, కొన్నవాడు పెంచలేనని తెచ్చినప్పుడు తిరిగి తీసికొనుటకు వ్రాతపూర్వకముగా కట్టుబడవలెను. రహదారి ప్రక్క అమ్మకములను చట్టము ఆపవలెను. వీనియన్నింటికిని డబ్బు కావలెనందురు, నిజమే. ఆ కుక్క కాపాడిన గొఱ్ఱెపిల్లల ధర రైతు లాభములో చేరుచుండగా, దాని చికిత్స, దాని పిల్లల గతి, దాని ముసలితనము మాత్రము దాతల చందాలకు వదలివేయబడుచున్నవి. మేతకు, కంచెకు, టీకాకు అగు ఖర్చును ఉన్నికిని మాంసమునకును ధర కట్టునప్పుడు లెక్కించుచున్నట్లే, కాపరి కుక్క జీవితాంత పోషణమును కూడ ఆ లెక్కలోనే చేర్చు దినము వచ్చువఱకు, సంస్థలు ఎన్ని వ్యానులు నడిపినను ఆశ్రయములు నిండుచునే యుండును. అంతవఱకు ఆ సంస్థలు దరఖాస్తుదారుని నిలిపి ప్రశ్నించుటను మనము ఓర్పుతో సహింపవలెను, సాధ్యమైనచో సమర్థింపవలెను.