మొక్కకు తేమ – ఇంటికి గాలి



క్రిందటి శ్రావణమున వానజల్లునకు కిటికీలు మూసి, పడకగదిలోని మొక్కలు వాడకుండుటకై దినమునకు రెండుమాఱులు ఆకులపై నీరు చిలుకరించితిని. పక్షము గడవకమున్నే కుండీల వెనుక గోడకు నల్లని బూజు పట్టెను. మా చిన్నవాని దగ్గు హెచ్చెను.

గాలిలో తేమ నూటికి 40 మొదలు 60 పాళ్ల వఱకు ఉన్నచో పెక్కు ఇంటిమొక్కలకు చాలును. అంతకు మించి, గాలి కదలనిచో బూజు పెరుగును. చిలుకరించిన నీటి మేలు క్షణికమే. కుండీలను గోడకు జానెడు దూరమున నుంచుడు. మట్టి పైపొర ఆఱిన పిమ్మటనే ప్రొద్దుట నీరు పోయుడు. అడుగు పళ్లెమున నిలిచిన నీరు పాఱబోయుడు. వాన వెలిసి ఎండ పొడచూపినంతనే కిటికీలు తెఱవుడు.

గోడను సబ్బునీటితో కడిగి, ఇట్లు నడచుకొనిన పిదప బూజు మరల పట్టలేదు, పిల్లవాని దగ్గు తగ్గెను, మొక్కలును వాడలేదు. మొక్కకు నీరు పోయు చేయియే కిటికీని తెఱవవలెను.