ముఖానికి రంగు లేదు, భుజాన గొంగళి ఉండింది



మా హాస్టల్లో రాత్రి పదైతే ఫోన్లలో ‘కిస్’ బ్యాండ్ వీడియోలు తిరుగుతుంటాయి. 1973లో న్యూయార్క్‌లో మొదలై, 2023 డిసెంబర్‌లో ఆఖరి షో చేసిన రాక్ బ్యాండ్. ముఖాలకు తెలుపు నలుపు రంగులు, నోట్లోంచి మంట, నాలుక మీద ఉత్తుత్తి నెత్తురు. భలే ఉంటుంది, కాదనం. కానీ ‘మన పక్క ఇట్లాంటిది ఎప్పుడన్నా ఉండిందా’ అనే వాళ్లకు చెప్పాలనే ఈ పోస్టు. ఉండింది. 1972లోనే హైదరాబాద్‌లో మొదలైంది. పేరు జన నాట్యమండలి.

గద్దరన్న 1984లో బ్యాంకు ఉద్యోగం వదిలేసి పూర్తిగా పాటకే వచ్చేశాడు. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు, శ్రీకాకుళం గిరిజనుల పోరాటాన్ని పాట కట్టినాయన. స్టేజీ మీద ఏముండేది? ధోవతి, భుజాన గొంగళి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, వెనక డప్పు, వంత పాడేవాళ్లు. పాట ఆపి కథ చెప్పడం, ఏడిపించడం, మళ్లీ ఎగిరి అందుకోవడం.

కిస్ వాళ్లు లోకంలో లేని వేషం కట్టారు. వీళ్లు గొర్రెలు కాసేవాళ్ల భుజాన రోజూ కనపడే గొంగళినే వేషం చేశారు. మాకు ఇదే పెద్ద విషయం అనిపిస్తుంది. దానికి ఖర్చు కూడా వేరే. 1997 ఏప్రిల్ 6న గద్దరన్నకు తగిలినవి నిజం తూటాలు, ఒకటి చివరిదాకా వెన్నులోనే ఉండిపోయింది.

వాళ్ల పార్టీ దారి అందరూ ఒప్పుకోరు, మాలోనూ ఒప్పుకోనివాళ్లున్నారు. 2018లో ఆయనే తొలిసారి ఓటేశాడు. 2023లో చనిపోతే ప్రభుత్వ లాంఛనాలు. ఇప్పుడు తెలంగాణలో సినిమా అవార్డులకు ఆయన పేరు. పాట పాడినందుకు వెంటపడిన సర్కారే ఇదంతా చేసింది, చూడండి.

సరే, మన సంగతి. కాలేజీ డేకి స్టేజీ మీద అద్దాల పేట్యా వేస్తే చప్పట్లు. అదే పేట్యాతో యాడి బస్టాండులో నిలబడితే చూపులు వేరే. మన గురించి తెలుగులో పాటలున్నాయి, మన గోర్‌బోలిలో స్టేజీ పాటలు ఎన్ని? వానల్లేక తండాలు ఖాళీ చేసి బెంగళూరు పనులకు పోయే మన అమ్మానాయనల మీద ఒక్కటన్నా కట్టామా?

వచ్చే ఫిబ్రవరిలో గుత్తి దగ్గర సేవాగఢ్ జయంతికి డీజే వద్దని మేం అనుకుంటున్నాం. నంగారా మాది, పాట మాది. గొంతున్నవాళ్లు, రాసేవాళ్లు కింద పేరు పెట్టండి. పెద్దవాళ్ల దగ్గర పాత పాటలుంటే ఈ సెలవుల్లోనే రికార్డు చేసుకుని రండి.