వడిసెలకు నారే కావాలి, నైలాన్ వద్దు

ఈ ఏడు మన బడి చేతిపనుల ప్రదర్శనలో తొమ్మిది, పది తరగతుల వాళ్లం వడిసెలలు అల్లి పెట్టాలని నిర్ణయం జరిగింది. మంచి నిర్ణయమే. కానీ దేనితో అల్లాలి అనేసరికి క్లాసులో ఎక్కువమందిది ఒకటే మాట: "అంగడికి పోయి నైలాన్ తాడు తెచ్చుకుంటే సరిపోతుంది కదా!" సరిపోదు అని నేను అంటున్నాను. ఎందుకు సరిపోదో చెప్పడానికే ఈ వ్యాసం.

వడిసెల చూడని తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందు రెండు మాటలు. జొన్న, సజ్జ చేలు గింజ పోసుకునే వేళకు పిట్టలు గుంపులుగా వాలతాయి. చేను మధ్యలో మంచె వేసి, దాని మీద నిలబడి, కేకలు పెడుతూ రాయి విసిరి వాటిని తరిమే సాధనం వడిసెల. కొందరు ఒడిసెల అంటారు. కన్నడంలో కవణె, మరాఠీలో గోఫణ. మధ్యలో రాయి పెట్టే గూడు, దానికి రెండు పక్కలా రెండు తాళ్లు. ఒక తాడు కొసన ఉన్న ఉచ్చును వేలికి తగిలించుకుంటాం. రెండో తాడు కొసన ఉన్న ముడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటాం. తిప్పి, సరైన క్షణంలో ముడి వదిలేస్తే రాయి పోతుంది, తాడు చేతిలోనే ఉంటుంది. ఇంతే. ఇందులో రబ్బరు లేదు, స్ప్రింగు లేదు, కొయ్య లేదు. ఉన్నదంతా తాడే. అలాంటప్పుడు "ఏ తాడైతే ఏముందిలే" అనడం తాడూ బొంగరమూ లేని మాట.

నైలాన్ వాళ్ల మొదటి వాదన బలం. నైలాన్ గట్టిది, నార తెగిపోతుంది అంటారు. నైలాన్ గట్టిదే, నేను కాదనను. కానీ వడిసెలకు ఎంత బలం కావాలో ఎవరైనా లెక్క వేశారా? పైతరగతి భౌతికశాస్త్రం పుస్తకంలో ఒక సూత్రం ఉంది. రాయి బరువును వేగం వర్గంతో గుణించి, తిరిగే వ్యాసార్ధంతో భాగిస్తే తాడు మీద పడే లాగుడు వస్తుంది. చిన్న నిమ్మకాయంత రాయి 50 గ్రాములు అనుకుందాం. వేగం సెకనుకు 20 మీటర్లు, వ్యాసార్ధం ఒక మీటరు. లెక్క వేస్తే 20 న్యూటన్లు వస్తుంది, అంటే సుమారు 2 కిలోల బరువు వేలాడదీసినంత. వేగం రెట్టింపు చేసినా 8 కిలోలు. నార చేంతాడుతో మన అవ్వలు నీళ్లు నిండిన బొక్కెనను బావిలోంచి పైకి లాగారు. నార పగ్గంతో ఎద్దును ఆపారు. 8 కిలోలకు భయపడి నైలాన్ కొనాలా? వడిసెలలో తాడు తెగడం అసలు సమస్యే కాదు. తాడు జారడం సమస్య.

ఇక్కడే నైలాన్ ఓడిపోతుంది. నైలాన్ పోగు నున్నగా ఉంటుంది. నున్నటి తాడుకు వేసిన ముడి తనంతట తానే వదులవుతుంది. వడిసెలకు రెండు తాళ్లూ సమానంగా కుదరాలి. ఒకవైపు ముడి రెండు వేళ్లంత జారినా గూడు పక్కకు ఒరుగుతుంది, రాయి అనుకోని దిక్కుకు పోతుంది. అది చేలో జొన్నకంకికి తగలొచ్చు, పక్కనున్న మనిషికీ తగలొచ్చు. ముడి జారకుండా కొసను అగ్గిపుల్లతో కాల్చి ముద్ద చేస్తామంటారు. కరిగి గట్టిపడిన ఆ ముద్ద ప్రతి విసురుకూ వేలిని గీరుతూ పోతుంది. పైగా నైలాన్ సాగుతుంది. కొండలెక్కేవాళ్ల తాళ్లు నైలాన్‌తో చేసేది కూడా అందుకే, జారిపడ్డ మనిషికి కుదుపు తగలకూడదని. వడిసెలకు ఆ సాగుడు అక్కర్లేదు. గోగునార, జనుమునార లాగితే ఇంచుమించు సాగవు. పోగుల మీద సన్నటి నూగు ఉంటుంది కాబట్టి పోగును పోగు పట్టుకుంటుంది, ముడిని ముడి కరుస్తుంది, వేలి కింద ముడి ఎక్కడుందో చేతికి తెలుస్తుంది.

రెండో వాదన: నార కుళ్ళిపోతుంది, నైలాన్ కుళ్ళదు. నార తడిసి ముద్దగా పడి ఉంటే కుళ్ళుతుంది, నిజమే. తడిస్తే ఆరబెట్టాలి, పని అయ్యాక చూరుకు వేలాడదీయాలి. ఇది పెద్ద కష్టమా? ఇక నైలాన్ కుళ్ళదు అని గర్వంగా చెప్పే మాటే నాకు భయం వేసే మాట. మన అంగళ్లలో "నైలాన్" అని అమ్మే నీలం, ఆకుపచ్చ తాళ్లలో చాలా వాటిలో నైలానే ఉండదు, పాలీప్రొపిలీన్ లాంటి వేరే ప్లాస్టిక్కులు ఉంటాయి. ఎండలో కొన్నాళ్లుంటే పెళుసెక్కి పోగులు పోగులుగా రాలతాయి. రాలినవి చేలో ఉంటాయి, మేతతో ఆవు కడుపులోకి పోతాయి. పిట్టలు ఆ పోగులను ఏరుకుపోయి గూడు అల్లుతాయి. ఆ పోగులు పిల్లల కాళ్లకు చుట్టుకుంటే ఎగరలేక గూట్లోనే చస్తాయి. వడిసెల పిట్టను తరమడానికి, చంపడానికి కాదు. గింజ మనకు దక్కాలి, పిట్ట వేరే చోటికి పోయి బతకాలి. అదీ మంచె మీద నిలబడ్డవాళ్ల న్యాయం. రాయితో తప్పించుకున్న పిట్టను మన తాడు ముక్క చంపితే ఆ న్యాయం ఏమైనట్టు?

మూడో వాదన చవక. దీనికి జవాబు మన ఇంటి వెనకే ఉంది. పొరుగింటి పుల్లగూర రుచి అంటారు కానీ, మనం మన ఇంటి పుల్లగూరనే సగం తిని సగం పారేస్తున్నాం. గోగాకు కోసి పచ్చడి నూరుకుంటాం. ముదిరిన గోగు కట్టెలను మాత్రం దిబ్బలో పడేస్తాం, లేదా పొయ్యిలో పెడతాం. ఆ కట్టె బెరడులోనే నార ఉంది. పూత వేళకు కోసి, కట్టలు కట్టి, నీళ్లలో రెండు వారాలు అటూ ఇటూ నానబెడితే బెరడు కట్టెను వదులుతుంది. ఒలిచి, కడిగి, ఎండబెట్టుకోవడమే. ఒక్క జాగ్రత్త ఉంది. ఆకు కోసం చిగుళ్లు తుంచే మొక్క కొమ్మలు వేసి గుబురవుతుంది, నార పొట్టిగా వస్తుంది. నారకు కావాల్సిన వరుసను ఒత్తుగా విత్తి, తుంచకుండా వదిలేయాలి. అప్పుడు నిటారుగా పెరుగుతుంది.

అయితే నా పక్షం వాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. "ప్లాస్టిక్ కాకపోతే చాలు, ఏ నారైనా ఒకటే" అనడం కూడా తప్పే. కొబ్బరి పీచు వద్దు. దాని పోగులు పొట్టివి, బిరుసువి, వేలికి గుచ్చుకుంటాయి. పాత గోనె సంచి నుంచి లాగిన దారం వద్దు. అది ఎండకూ వానకూ ముందే నీరసించి ఉంటుంది. నూలు తాడు మెత్తగా ఉంటుంది, ముడి బాగా నిలుస్తుంది. రాయి బదులు గుడ్డ ఉండ పెట్టి నేర్చుకునే చిన్నపిల్లలకు అది చాలు. కిత్తనార గట్టిది, కానీ మొరటుది. దాని పచ్చి మట్ట రసం తగిలితే ఒళ్లు దురద పెడుతుంది. నీళ్లలో నానబెట్టి, బాది, మెత్తబరిచాకే అల్లాలి. అందుకే నా వరస ఇది: మొదట గోగు లేదా జనుము, తర్వాత కిత్తనార, నేర్చుకునేవాళ్లకు నూలు.

ఇది పల్లెటూరి పాతకాలపు పట్టుదల అని నవ్వేవాళ్లు కొంచెం లోకం చూడాలి. 1922లో ఈజిప్టులో తెరిచిన టూటన్‌ఖామన్ సమాధిలో అవిసె నారతో అల్లిన వడిసెలలు దొరికాయి. ఆ రాజు చనిపోయి 3,300 ఏళ్లు దాటింది. స్పెయిన్ దగ్గరి బలేరిక్ దీవుల వాళ్లు రెల్లు జాతి గడ్డితో, వెంట్రుకలతో, పశువుల నరాలతో వడిసెలలు చేసుకునేవాళ్లని, దూరాన్ని బట్టి వాడడానికి వేరువేరు పొడవులవి మూడు తలకు చుట్టుకునేవాళ్లని స్ట్రాబో అనే పాతకాలపు గ్రీకు రచయిత రాశాడు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల వాళ్లు లామా, అల్పాకా ఉన్నితో ఇప్పటికీ అల్లుతున్నారు. నైలాన్ పుట్టింది 1935లో. అంటే వేల ఏళ్లు మనుషులు వడిసెల విసిరింది నైలాన్ లేకుండానే. ఎవరి నేల మీద ఏది దొరికితే దాన్ని బాగా ఎరిగి అల్లుకున్నారు. మన నేల మీద గోగు ఉంది.

ఇంకొక నష్టం కూడా ఉంది, అది మన బడికి బాగా తగులుతుంది. నార తీస్తే "ఒలవడం" అనే మాట కావాలి. పోగులు కలిపితే "పురి" కావాలి, "పేట" కావాలి. మూడు పేటల జడ, చేంతాడు, పలుపు, పగ్గం, మోకు, నులక – ఇవన్నీ నారతో పాటు బతికిన తెలుగు మాటలు. అంగడికి పోయి నైలాన్ కొంటే "రెండు మీటర్లు ఇవ్వన్నా" అన్న ఒక్క మాటతో పని అయిపోతుంది. చుట్టూ వేరే భాష ఉన్న చోట మనం తెలుగులో చదువుకుంటున్నాం. పుస్తకంలో మాటలు బట్టీపట్టి, చేతిలో ఉన్న మాటలను వదిలేస్తే ఏం లాభం?

ఊరికే వద్దు అని చెప్పి కూర్చోకుండా నేను మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, ఈసారికి పశువుల తాళ్లు అమ్మే అంగట్లో నార కొందాం. పురిపెట్టడం తెలిసిన అవ్వనో తాతనో ఒక పూట బడికి పిలిచి నేర్చుకుందాం. రెండు, అల్లిన ప్రతి వడిసెలకూ నీళ్లు నిండిన పది లీటర్ల బక్కెట్టు కట్టి ఐదు నిమిషాలు వేలాడదీద్దాం. ముడి జారినా, పోగు తెగినా విప్పి మళ్లీ అల్లాలి. ఈ పరీక్షకు నైలాన్ వాళ్లు కూడా రావచ్చు, ముడి ఎవరిది నిలుస్తుందో అందరి ముందూ చూద్దాం. ఆ తర్వాత కూడా, మనిషీ పశువూ లేని బీడులో, పెద్దవాళ్లు దగ్గరుంటేనే విసరాలి. మూడు, వచ్చే వానలకు బడి వెనక ఖాళీ జాగాలో నాలుగు సాళ్లు గోగు వేద్దాం. మూడు సాళ్ల ఆకు మధ్యాహ్న భోజనానికి ఇద్దాం. నాలుగో సాలును ఎవ్వరూ తుంచకండి, అది వడిసెలకు.