పదిహేను నిమిషాల ఆటకు ఫోను సాధన చాలదు

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో మన తెలుగు పిల్లలకు చదరంగం మీద ఆసక్తి పెరిగింది. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరులో ప్రపంచ విజేత అయ్యాక తల్లిదండ్రులకూ ఆశ కలిగింది. సంతోషమే. అయితే ఆదివారం పోటీలకు వెళ్లిన పిల్లలు చాలామంది ఆట తెలియక కాదు, సమయం వాడుకోవడం తెలియక ఓడిపోతున్నారు. దీనికి మందు ఇంకా ఎక్కువ ఆటలు ఆడించడం కాదు, ఆడిన ఆటను మళ్లీ చూపించడం.

ఒక్కరోజు పోటీలు ఎక్కువగా ర్యాపిడ్ పద్ధతిలో జరుగుతాయి. ఒక్కొక్కరికి పది నిమిషాలకు మించి, గంటలోపు సమయం ఉంటే అది ర్యాపిడ్. ప్రపంచ ర్యాపిడ్ పోటీల్లో 15 నిమిషాలతో పాటు ప్రతి ఎత్తుకు 10 సెకన్లు కలుపుతారు. నలభై ఎత్తుల ఆటకు లెక్కవేస్తే 1300 సెకన్లు, అంటే ఎత్తుకు సగటున అర నిమిషం పైనే. ఫోనులో మూడు నిమిషాల ఆటకు అలవాటుపడ్డ పిల్లవాడు ఆ అర నిమిషం కూడా ఆగడు. గుర్రాన్ని ఊరికే పోగొట్టుకుని, గడియారంలో పది నిమిషాలు మిగిలి ఉండగానే ఓడిపోతాడు. మరొకడు మొదటి ఎత్తుల దగ్గరే సమయమంతా ఖర్చుచేసి, గెలవాల్సిన ఆటను చివర్లో వదులుకుంటాడు.

ఫోను నేర్పని సంగతులు ఇంకా ఉన్నాయి. ఎత్తు వేసిన చేతితోనే గడియారం నొక్కాలి. ముట్టుకున్న పావునే కదపాలి. ఇవి బల్ల మీద ఆడితేనే అలవాటవుతాయి.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపిని చూడండి. 2019లో మాస్కోలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేత. 2024లో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడిపోయారు. అయినా 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో, 37 ఏళ్ల వయసులో రెండోసారి గెలిచారు. ఓడిన ఆటను పక్కనపెట్టి తర్వాతి ఆటకు కూర్చోగలగడం ర్యాపిడ్‌లో సగం బలం. ఒక్క ఆట పోగానే పిల్లవాణ్ణి కసిరే తల్లిదండ్రులు ఆ బలాన్నే తీసేస్తున్నారు.

మరి ఏం చేయాలి? వారానికి రెండు ఆటలు చాలు, 15 నిమిషాల గడియారం పెట్టి బల్ల మీద ఆడించండి. ర్యాపిడ్ పోటీలో ఎత్తులు రాయనక్కర్లేదు కానీ, సాధనలో రాయించండి. ప్రతి ఐదు ఎత్తులకూ మిగిలిన సమయం పక్కనే వేయించండి. ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ నానబెట్టాడో ఆ కాగితమే చెబుతుంది. రాజు, ఒక బంటు మిగిలిన ఆట ముగింపులు కంఠతా వచ్చేలా చేయండి. సెకన్లు మిగిలినప్పుడు కాపాడేది అవే.

తర్వాత ఆ కాగితం ముందు పెట్టుకుని పిల్లవాణ్ణి తెలుగులో అడగండి: ఈ ఎత్తు ఎందుకు వేశావు? ఎదుటివాడు ఏం చేస్తాడనుకున్నావు? వేరే దారి ఉందా? మీకు ఆట రాకపోయినా ఫరవాలేదు, వాడు చెబుతుంటే వినండి. మన పిల్లలు మంత్రిని రాణి అంటారు, ఏనుగును యానై అంటారు. అననివ్వండి. కానీ ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు తెలుగులో కారణం చెప్పే అవకాశం వాళ్లకు పాఠ్యపుస్తకం బయట ఎక్కడ దొరుకుతోంది? తెలుగు పరీక్ష రాయడానికే తప్ప ఆలోచించడానికి పనికిరాదనే భావన పిల్లల్లో నాటుకోక ముందే మనం మేలుకోవాలి.

మన బడులు వారానికి ఒక్క పీరియడు దీనికి కేటాయించాలి. తల్లిదండ్రుల సంఘాలు రెండు చెస్ గడియారాలు కొనివ్వాలి. పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే పోటీకి పిల్లల్ని పంపేలోపు ఈ రెండు పనులూ మొదలుపెడదాం.