మాత్రలు ఇద్దరికీ రాస్తే ఒక్కరే మింగడమేంటి?

తెల్లబట్ట అవుతోందని ఏ ఆడది నోరు తెరిచి చెప్పినా మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఒంట్లో వేడమ్మా, బార్లీ నీళ్లు తాగు." బార్లీ నీళ్ల మీద నాకేం కోపం లేదు. ఆ ఒక్క మాటతో విషయాన్ని మూతపెట్టేస్తారే, దాని మీదే నా కోపమంతా.

వాసన లేకుండా కొంచెం తెల్లగా, జిగురుగా కావడం రోగం కాదండీ. నెల మధ్యలోనూ, కడుపుతో ఉన్నప్పుడూ ఇంకాస్త ఎక్కువే అవుతుంది. విరిగిన పాలలా పడి దురద పెడితే ఫంగస్ కావచ్చు. షుగర్ అదుపులో లేనివాళ్లకి ఇది మాటిమాటికీ వస్తుంది. పసుపుగానో ఆకుపచ్చగానో నురగతో, దుర్వాసనతో అయితే ట్రైకోమోనాస్ అనే క్రిమి కావచ్చు. ఇది కలయిక వల్ల అంటుకునేది. ఏదో తేల్చాల్సింది డాక్టరు, పక్కింటి పిన్నిగారు కాదు.

అసలు పేచీ ఇక్కడే ఉంది. ఈ క్రిమి ఉన్న మగవాళ్లలో చాలామందికి ఏ బాధా ఉండదు. అందుకే డాక్టరమ్మ ఇద్దరికీ మాత్రలు రాస్తుంది. ఆవిడ మింగుతుంది. ఆయనేమో "నాకేం రోగం? నన్ను అనుమానిస్తున్నావా?" అంటాడు. ఆయన వంతు మాత్రలు బీరువాలో చీరల కింద ఉండిపోతాయి. నెల తిరక్కుండానే ఆవిడకి మళ్లీ మొదలు. అప్పుడు చుట్టుపక్కల వాళ్లు "ఎన్ని మందులు వాడినా తగ్గదు పాపం, ఒంటి తత్వం" అని జాలిపడతారు. తత్వం కాదు తల్లీ, బీరువాలో ఉన్న మాత్రలు! ఇద్దరూ మందు పూర్తిచేసి, ఆ తర్వాత వారం రోజులైనా దూరంగా ఉంటేనే అది పోతుంది.

"అడిగితే ఇంట్లో గొడవలే కదా" అంటారు. ఇది ఎవరు ఎవరికి అంటించారన్న పంచాయితీ కాదు. ఈ క్రిమి నెలల తరబడి తెలియకుండానే ఒంట్లో ఉండగలదు. ఇంట్లో ఒకరికి గజ్జి వస్తే అందరికీ మందు రాయమా? అప్పుడు లేని పరువు ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?

తగ్గక తగ్గక చివరికి వచ్చే సలహా ఇంకా ఘోరం. "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీయించేసుకో." 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 100కి 3 మంది. ఆంధ్రలో, తెలంగాణలో 8 మందికి పైనే. అన్నీ తెల్లబట్టకే అనను. కానీ మాత్రతో పోయేదానికి కత్తి దాకా ఎందుకు వెళ్లాలి? పైగా ఆయన మాత్ర వేసుకోకపోతే గర్భసంచి తీసినా ఆ క్రిమి మళ్లీ అంటుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. తెల్లబట్టలో రక్తపు జీర కనిపించినా, కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్లు ఆగిపోయాక మళ్లీ కనిపించినా బార్లీ నీళ్లతో కాలక్షేపం చేయొద్దు. అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కూడా కావచ్చు. 30 దాటాక ఏ బాధా లేకపోయినా ఆ పరీక్ష చేయించుకోవాలి.

డబ్బు లేదని ఆగకండి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో సురక్ష క్లినిక్ ఎక్కడని అడగండి. పరీక్షా, మందులూ ఉచితం, ఆయనకి కూడా. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నారు పెద్దలు. చెబితే పోయే మానమేమిటో నాకైతే అర్థం కాదు. ఈసారి ఆయన్నీ వెంటబెట్టుకునే వెళ్లండి. రెండు గ్లాసుల నీళ్లు పెట్టి, రెండు మాత్రలూ ఒకేసారి వేసుకోండి.